ఉసురు

బైరెడ్డిపల్లె నుంచి ఏ దిక్కుకు పోయినా ఈ మాట ఎదురవుతుంది. పడమటికి పోయి ముళబాగిలు చేరితే కన్నడంలో ‘ఉసిరు’, అంటే ఊపిరి. వి.కోట మీదుగా ఘాటు దిగి పేర్ణాంబట్టు వైపు పోతే తమిళంలో రాతకు ‘ఉయిర్’, నోటికి ‘ఉసురు’, అంటే ప్రాణం. నడుమ మనకున్నదీ ‘ఉసురే’. పలమనేరు, పుంగనూరు, కుప్పం సంతల్లో మూడు భాషలూ కలగలిసి నడుస్తాయి కాబట్టి ఈ రూపాలన్నీ ఒకే పూట చెవిన పడడం మా వైపు వింతేమీ కాదు.

తమిళంలో ‘య’ ఉన్నచోట కన్నడంలో ‘స’ రావడం చాలా మాటల్లో కనిపిస్తుంది. తమిళం ‘పెయర్’, పాత కన్నడం ‘పెసర్’, ఇప్పటి కన్నడం ‘హెసరు’, మన ‘పేరు’. తమిళంలో కడుపును ‘వయిఱు’ అంటారు, కన్నడంలో ‘బసిరు’. ఆ వరుసలోనివే ఉయిర్, ఉసిరు. ‘పేరు’ దగ్గర తన దారి తాను చూసుకున్న తెలుగు ‘ఉసురు’ దగ్గర కన్నడం పక్కన నిలబడింది. సంస్కృతంలో ప్రాణాన్ని ‘అసువు’ అంటారు కదా, దాన్నుంచే వచ్చిందేమో అనిపించవచ్చు. దక్షిణాది భాషల్లో ఇంత సక్రమంగా సర్దుకున్న మాటకు బయట పుట్టిల్లు వెతకనక్కరలేదు. కన్నడంలో ఇదే మాట క్రియగా నిలబడితే పలకడం, చెప్పడం అని అర్థం. నిడుపైన శ్వాసను వాళ్లు ‘నిట్టుసిరు’ అంటే మనం ‘నిట్టూర్పు’ అంటాం. నిడుకు వాళ్లు ఉసిరును చేర్చుకున్నారు, మనం ఊర్పును చేర్చుకున్నాం.

తెలుగులోనూ మొదటి అర్థం ప్రాణమే. ఉసురు తీశాడు, ఉసురు పోయింది, ఉసురు తీసుకుంది అంటాం. అక్కడితో ఆగి ఉంటే ఇది ప్రాణానికి మరో పేరుగా మిగిలిపోయేది. మన వాడుక ఇంకొక అడుగు వేసింది. ఒకరి ప్రాణం ఇంకొకరి వల్ల అల్లాడితే, ఆ అల్లాడిన ప్రాణం చేసినవాడి మీదికి పోతుంది. ‘తగులుతుంది’ అంటాం. ‘వాళ్ల ఉసురు పోసుకున్నాడు’ అంటాం, నెత్తిన పోసుకున్నట్టు. మా అవ్వ ఇచ్చిపుచ్చుకునే వ్యవహారం ఏది వచ్చినా చివర ఒకే మాట అనేది: “వద్దు నాయనా, వాళ్ల ఉసురు మనకొద్దు.” పాపం వస్తుందని కాదు, దేవుడు చూస్తాడని కూడా కాదు. అవతలివాళ్ల ఊపిరి మన ఇంట్లోకి వస్తుందని ఆమె భయం.

ఈ మాటకు ఒక చేత కూడా ఉంది. గెనిమ, అంటే పొలం గట్టు, జరిపి పొలం కలుపుకున్నవాడి ఇంటి ముందు, పోగొట్టుకున్న మనిషి నిలబడుతుంది. చాలాసార్లు ఆమె విధవరాలు, ఒంటరిది, కాగితాలు సరిగ్గా లేనిది. వంగి రెండు చేతులా మన్ను తీస్తుంది. వాకిలి వైపు ఎత్తిపోస్తుంది. వేళ్లు కణతలకు ఆనించి మెటికలు విరుస్తుంది. నోటితో శాపనార్థాలు పెట్టినా పెట్టకపోయినా ఆ మన్ను చాలు. వీధిలో ఎవరూ ఆమెను ఆపరు. ఇంటివాళ్లు తలుపు వేసుకుంటారు. ‘దుమ్మెత్తి పోశారు’ అని పత్రికలు ఇప్పుడు అసెంబ్లీ వార్తలకు వాడే మాట ఈ వాకిళ్ల ముందే పుట్టి ఉంటుందని నాకనిపిస్తుంది. మన్నే ఎందుకంటే పోయింది మన్ను కాబట్టి.

హీబ్రూ ప్రవక్తలను చదివేటప్పుడు నాకు ఈ వాకిలి గుర్తుకు రాకుండా ఉండదు. హోషేయ యూదా అధికారులను తిట్టేటప్పుడు, వీళ్లు హద్దురాయి జరిపేవాళ్ల లాంటివారని అంటాడు. రాజ్యం నడిపేవాళ్లను పోల్చడానికి ఆయనకు దొరికిన అతి నీచమైన పని గెనిమ జరపడం. యెషయా ఇంటికి ఇల్లు, చేనుకు చేను కలుపుకుంటూ పోయి దేశంలో తామొక్కరే మిగిలేవాళ్ల మీద విరుచుకుపడతాడు. మీకాదీ అదే గోడు. ఆ ముగ్గురూ క్రీస్తుకు పూర్వం ఎనిమిదో శతాబ్దం వాళ్లు. ఆ కాలంలో ఇశ్రాయేలు, యూదా రాజ్యాల్లో వర్తకం పెరిగింది, పెద్ద కమతాలు పెరిగాయి, చిన్న రైతులు అప్పుల కింద పొలాలు వదులుకున్నారు. అంతకు వందేళ్ల ముందు అహాబు రాజు నాబోతు ద్రాక్షతోట కోసం అతణ్ని అబద్ధపు సాక్ష్యాలతో చంపించిన కథ వాళ్లకు తెలిసే ఉండాలి. ఒక్క తోట కోసం పోయిన ఒక్క ఉసురు ఆ రాజవంశాన్ని తుడిచిపెట్టిందని రాజుల గ్రంథాలు చెబుతాయి.

యెషయా ఐదో అధ్యాయంలో ఒక ద్రాక్షతోట పాట ఉంది. దాని చివర ఆయన రెండు జంట మాటలతో కొడతాడు. దేవుడు ‘మిష్పాత్’ కోసం చూశాడు, ‘మిస్పాఖ్’ కనబడింది. ‘త్సెదాకా’ కోసం చూశాడు, ‘త్సెఆకా’ వినబడింది. మిష్పాత్ న్యాయం, త్సెదాకా నీతి. మిస్పాఖ్ నెత్తురు చిందించడం అని చాలామంది పండితుల మాట. త్సెఆకా అంటే అన్యాయం పడ్డవాళ్ల కేక. ఒక్క అక్షరం తేడాతో నీతి కేక అయిపోయింది. వినేవాళ్ల చెవిలో రెండో మాట పూర్తయ్యేదాకా మొదటి మాటే మోగుతుంటుంది. అన్యాయం ఎప్పుడూ న్యాయం వేషంలోనే వస్తుందని ఇంతకంటే పొదుపుగా చెప్పడం కష్టం.

తెలుగు బైబిల్లో త్సెఆకాకు సందర్భాన్ని బట్టి రోదనం, మొర వంటి మాటలు పడ్డాయి. మొర మంచి మాట. కన్నడంలో ‘మొరె’, తమిళంలో ‘ముఱైయీడు’ దాని పక్కన నిలబడతాయి. హీబ్రూలో ఆ కేక నిజంగానే దర్బారు మాట కూడా. రాజుల రెండో గ్రంథంలో షూనేము ఊరి స్త్రీ ఏడేళ్ల కరువులో ఫిలిష్తీయుల దేశానికి వలసపోయి తిరిగొచ్చేసరికి ఇల్లూ పొలమూ ఇంకొకరి చేతిలో ఉన్నాయి. ఆమె రాజు దగ్గరకు పోయి వాటికోసం చేసేది ఆ కేకే. వానలు లేక బెంగళూరు పోయి తిరిగొచ్చిన కుటుంబాలు మా మండలాల్లో ఎన్నో ఉన్నాయి, వాళ్లకు ఆమె కొత్త మనిషి కాదు.

అయితే మొరకు ఒక చెవి కావాలి. దర్బారో కచేరీయో గుడో ఉంటేనే మొర పెట్టుకోగలం. ఉసురుకు ఎవరి చెవీ అక్కరలేదు. నోరు తెరవకపోయినా తగులుతుంది. మూగజీవి ఉసురు అంటాం. నోరులేని పశువుకు మొర లేదు గాని ఉసురుంది. ప్రవక్తలు విన్నానని చెప్పేది చాలాసార్లు ఇలాంటిదే. ఆదికాండంలో చనిపోయిన హేబెలు నెత్తురు నేలలోంచి అరుస్తుంది. అక్కడ వాడిన క్రియ త్సెఆకా తోబుట్టువే. హబక్కూకు ఇంకా దూరం పోతాడు. దోపిడీతో కట్టిన ఇంటి గోడలోంచి రాయి కేక వేస్తుందని, పైనున్న దూలం దానికి బదులు పలుకుతుందని అంటాడు. బబులోను పడిపోవడానికి ఆయన చెప్పిన కారణాల్లో లెబానోను అడవికి చేసిన విధ్వంసం ఉంది, అక్కడి జంతువులను చంపడం ఉంది. ఒక సామ్రాజ్యానికి చెట్ల ఉసురు, అడవి జంతువుల ఉసురు తగులుతుందని క్రీస్తుకు పూర్వం ఏడో శతాబ్దం చివర ఒకాయన రాసిపెట్టాడు. కౌండిన్య అడవి అంచున పంటకూ ఏనుగులకూ మధ్య నలిగే ఊళ్లవాళ్లం, ఆ వాక్యం దగ్గర కొంచెంసేపు ఆగాలి.

ఉసురు మన వాడుకలో ఇంటికి తగులుతుంది, వంశానికి తగులుతుంది, రాజుకు తగులుతుంది. దాన్ని దేశాల మీదికి తీసుకుపోయినవాడు ఆమోసు. తెకోవ అనే ఊరివాడు, పశువుల కాపరి, మేడిపళ్లకు గాట్లు పెట్టి పండించేవాడు. క్రీస్తుకు పూర్వం 760, 750 ప్రాంతంలో ఉత్తర దేశమైన ఇశ్రాయేలుకు పోయి మాట్లాడాడు. ఆయన పుస్తకం మొదటి రెండు అధ్యాయాలు ఒక్కొక్క దేశాన్నీ పేరు పెట్టి పిలుస్తాయి. దమస్కు, గాజా, తూరు, ఎదోము, అమ్మోను, మోయాబు. ఇవన్నీ ఇశ్రాయేలు చుట్టూ ఉన్నవి. ఏ దేశం మీదా అది వేరే దేవుణ్ని కొలిచిందన్న ఆరోపణ లేదు. గాజా ఊళ్లకు ఊళ్లను చెరపట్టి ఎదోముకు అమ్మింది. తూరు అన్నదమ్ముల ఒడంబడికను మరిచి అలాగే అమ్మింది. అమ్మోను తన హద్దు పెంచుకోవడానికి గిలాదు సీమ గర్భిణులను చీల్చింది. మళ్లీ అదే హద్దు. ఊరి వాకిలి ముందు ఎత్తిపోసిన మన్నుకూ ఇక్కడ చిందిన నెత్తురుకూ మూలం ఒకటే ఆశ.

దమస్కు మీది నేరం దగ్గర ఒక్క మాట నన్ను కట్టిపడేస్తుంది. గిలాదును ఇనుప ‘హరూత్స్’తో నూర్చారట. హరూత్స్ అంటే నూర్పిడి పలక. మందపాటి చెక్క, అడుగున రాళ్ల ముక్కలో ఇనుప పళ్లో దిగగొట్టి ఉంటాయి. దాన్ని ఎడ్లు కళ్లంలో లాగితే కింద పరిచిన కంకులు తెగి, గడ్డి నలిగి, గింజ విడిపోతుంది. మా వైపు ఈ పని రాతిగుండు చేసేది. రాగి కోత అయ్యాక కంకులు నాలుగు రోజులు వామి వేసి, పేడ అలికిన కళ్లంలో పరిచి, ఎడ్లకు గుండు కట్టి తిప్పేవాళ్లు. ఇప్పుడు ట్రాక్టరు తోలుతున్నారు, లేదా తారురోడ్డు మీద ఉలవ కట్టె పరిచి పోయే బస్సుల కింద వదిలేస్తున్నారు. రాతిగుండు కింద ఏముందో ఎడ్లకు తెలియదు, తోలేవాడికి తెలుసు. గుండు ఎన్నిసార్లు తిరగాలో, ఎక్కడ ఆపకపోతే గింజ పిండవుతుందో వాడికి తెలుసు. ఆమోసు మనుషులను అక్కడ పరిచి చూపిస్తాడు. తోలినవాడికి తెలుసునన్నదే నేరం.

ఇదే హరూత్స్ యోవేలు పుస్తకంలో ఇంకో అర్థంతో వస్తుంది. దేశాలన్నిటినీ ఒక లోయలోకి పిలిచి దేవుడు విచారణ చేస్తాడని చెబుతూ ఆయన దాన్ని హరూత్స్ లోయ అంటాడు. కోయడం, పదును పెట్టడం, తేల్చివేయడం అన్నీ ఆ ధాతువులో ఉన్నాయి కాబట్టి అది నిర్ణయపు లోయ. నూర్పిడి పలక లోయ అని చదివినవాళ్లూ ఉన్నారు. జనాన్ని నూర్చిన రాజ్యాలు చివరికి ఏ లోయలోకి నడిచాయో ఆ మాటే చెబుతుంది.

తెలుగు అనువాదకులు ఇలాంటి చోట ‘తీర్పు’ను వాడారు. బైబిలు తెలుగుకు మా ప్రాంతంతో గట్టి సంబంధం ఉంది. 1853లో ఏర్పడిన ఆర్కాటు మిషన్ తరఫున జేకబ్ చేంబర్లిన్ 1863లో మదనపల్లెకు వచ్చాడు, 1908లో అక్కడే పోయాడు. వైద్యం చేస్తూ ఊళ్లు తిరుగుతూ, 1873 నుంచి ఇరవై ఏళ్లకు పైగా తెలుగు బైబిలు సవరణ సంఘానికి అధ్యక్షుడిగా ఉన్నాడు. పలమనేరు, పుంగనూరు, మదనపల్లెల్లో వినబడిన తెలుగు ఆ సంఘం బల్ల దాకా పోయిందనుకోవడం నాకు ఇష్టం. అంత్య విచారణ రోజును తెలుగు బైబిలు ‘విమర్శ దినము’ అనడం ఇప్పటి పాఠకుడికి పుస్తక సమీక్షలా వినబడవచ్చు గాని, ఆనాటికి విమర్శ అంటే కూలంకషంగా పరీక్షించడమే.

‘తీర్పు’ను మూడు భాషలూ పంచుకున్నాయి. తమిళంలో ‘తీర్ప్పు’, కన్నడంలో ‘తీర్పు’. మూలం ‘తీరు’, అంటే ముగియడం, చెల్లిపోవడం. అప్పు తీరుతుంది, దప్పిక తీరుతుంది, మొక్కు తీరుతుంది, రుణం తీరుతుంది. పని తీరితే తీరిక. రాజు కొలువు తీరుతాడు, పటాలం బారులు తీరుతుంది. రైతు ప్రభుత్వానికి నీటి తీరువా కడతాడు. తీర్పు అనే మాటలో శిక్ష లేదు, నరకం లేదు. బాకీ ఉంది, అది చెల్లవలసి ఉంది, అంతే. బాకీ ఎవరికి? పై అధికారికా? ప్రవక్తలు ఆ బాకీని ఉసురు పోయినవాళ్ల పేరన రాశారు. తీర్పు అనగానే మన మనసులో న్యాయాధిపతి, ఎత్తైన పీఠం కనిపిస్తే ప్రవక్తలను మనం తలకిందులుగా చదువుతున్నట్టు. అక్కడ మొదట కనబడవలసింది కళ్లంలో పరిచిన గిలాదు. ఉసురు లేకుండా తీర్పు అనే మాటకు పనే లేదు.

ఆమోసు చెప్పిన నేరాల్లో మోయాబుది చిత్రమైనది. మోయాబు ఎదోము రాజు ఎముకలను సున్నమయ్యేదాకా కాల్చింది. మోయాబు పరాయిది, ఎదోమూ పరాయిదే. పైగా ఎదోము ఇశ్రాయేలుకు పాత పగవాడు, రెండు మాటల ముందే దానికీ శిక్ష చెప్పాడు. పోయినవాడు శత్రువు, రాజు, చచ్చి ఎముకలైనవాడు. అయినా ఆ ఎముకల ఉసురు లెక్కకు వచ్చింది. తన జాతి దేవుడు తన జాతి పగలు తీర్చేవాడనుకునే శ్రోతలకు ఇక్కడ ఏదో తేడా తెలిసి ఉండాలి. తరువాత యూదా పేరు వచ్చింది. చివర ఇశ్రాయేలు, అంటే ఎదురుగా కూర్చున్నవాళ్లు. వాళ్ల మీది నేరాలు యుద్ధంలోవి కావు, బజారులోవి. నిర్దోషిని వెండికి అమ్మడం, ఒక జత చెప్పుల కోసం పేదవాణ్ని అమ్మడం, తాకట్టు పెట్టిన బట్టల మీద గుడిలో పడుకోవడం. తరువాతి అధ్యాయాల్లో దొంగ కొలత, దొంగ తూకం, గోధుమ పొట్టు అమ్మకం కూడా వస్తాయి. గర్భిణులను చీల్చిన అమ్మోను, కొలత కుంచం చిన్నది చేసిన షావుకారు ఒకే వరుసలో ఒకే మాట తీరుతో నిలబడతారు. ఇది అన్యాయమైన పోలిక అనిపించవచ్చు. ఉసురు లెక్కలో అది పోలిక కాదు. పోయింది ఊపిరే రెండు చోట్లా.

మన నేల మీద ఆ లెక్క చూడదగ్గ చోట్లు ఉన్నాయి. ధాత నామ సంవత్సరంలో మొదలై 1878 దాకా సాగిన కరువులో మద్రాసు రాజధాని ఎండిపోయింది. మదనపల్లె వైపు కడప జిల్లాలో, పలమనేరు, పుంగనూరు వైపు ఉత్తరార్కాడులో ఉండేవి. 1877 జనవరి 1న ఢిల్లీలో వైస్రాయి లిట్టన్ దర్బారు జరిపి విక్టోరియా రాణిని చక్రవర్తినిగా ప్రకటించాడు. అదే ఏడు మొదట్లో ప్రభుత్వం పంపిన రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మగవాడి కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణాకు తగ్గించాడు. ఆ తిండితో ఆ పని చేస్తే మనుషులు బతకరని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ లెక్కలు వేసి వాదించాడు. లక్షల్లో పోయారు. అదే రోజుల్లో గింజలు రేవుల నుంచి ఓడలెక్కుతూనే ఉన్నాయి. వాన రాకపోవడం ఎవరి నేరమూ కాదు. కుంచం చిన్నది చేయడం నేరం. ఆమోసు అలాంటి కుంచాన్నే పేరు పెట్టి చెప్పాడు.

ఇంకా దగ్గరగా కోలారు గనులున్నాయి, రాష్ట్రం హద్దుకు అవతల. 1880 నుంచి జాన్ టేలర్ కంపెనీ చేతిలో, 1956 నుంచి ప్రభుత్వం చేతిలో నడిచి 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. చిత్తూరు, ఉత్తరార్కాడు పల్లెల నుంచి తెలుగువాళ్లు, తమిళులు తరాల తరబడి అందులోకి దిగారు. లోతు మూడు కిలోమీటర్లు దాటింది. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని మనుషులను లోపల నుంచి మూసేసింది. ఉసురు అంటే మొదట ఊపిరే అని చెప్పుకున్నాం. అక్కడ అక్షరాలా ఊపిరే పోయింది, బంగారం సముద్రం దాటింది. గోడలోంచి రాయి అరుస్తుందన్న హబక్కూకు మాటను ఏ నగరంలో ఏ గోడ దగ్గర నిలబడి చదవాలి అన్నది నాకు నిజమైన ప్రశ్న.

ఇక్కడ ఈ మాట మీద నాకున్న కోపం కూడా చెప్పాలి. ఉసురు న్యాయం చేస్తుందన్న నమ్మకానికి ఒక చెడ్డ ముఖముంది. పొలం మింగినవాడు హాయిగా ఎనభై ఏళ్లు బతికి పోతాడు. ఆ ఇంట మూడో తరంలో ఒక బిడ్డ మాట రాకుండా పుడుతుంది. ఊరు వెంటనే అంటుంది, తాత పోసుకున్న ఉసురు తగిలిందని. ఆ బిడ్డను చంకనేసుకుని నీళ్లకు పోయే తల్లి ఆ మాట ప్రతి పూటా వింటుంది. ఆమె పక్క ఊరి నుంచి కోడలిగా వచ్చింది, ఆ గెనిమ ఎక్కడుందో కూడా ఆమెకు తెలియదు. దుర్మార్గుణ్ని ఏమీ చేయలేని ఊరు పసిబిడ్డను చూపించి లెక్క సరిపోయిందని తృప్తి పడుతుంది.

ఈ తృప్తిని యెహెజ్కేలు అడ్డుకున్నాడు. బబులోనులో చెరపట్టబడిన యూదుల మధ్య ఒక సామెత తిరిగేది: తండ్రులు పులుపు ద్రాక్ష తింటే పిల్లల పళ్లు పులిశాయని. యిర్మీయా కూడా దాన్ని పేర్కొన్నాడు. యెహెజ్కేలు పద్దెనిమిదో అధ్యాయమంతా ఆ ఒక్క సామెత మీద పోరాటం. ఇక మీదట ఇశ్రాయేలులో ఎవరూ ఆ సామెత పలకకూడదంటాడు. తాత, తండ్రి, కొడుకు ముగ్గురినీ వరుసగా నిలబెట్టి ఎవరి నేరం వాళ్లదే అని కోర్టులో వాదించినట్టు వాదిస్తాడు. ఒక ప్రవక్త దేవుడి పేరన ఒక సామెతను రద్దు చేయడం నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం. ఉసురును నమ్మే ప్రతి ఊళ్లో ఆ అధ్యాయం రచ్చబండ దగ్గర గట్టిగా చదవాలి. అన్యాయానికి తీర్పు ఉండాలని అడగడం వేరు, కనబడిన దుఃఖాన్నల్లా తీర్పు అనడం వేరు.

రెండో చెడ్డ వాడుక ఈ మధ్య పెరిగింది. రైతుల ఉసురు తగులుతుంది, నిర్వాసితుల ఉసురు తగులుతుంది అని ఏ పార్టీ ప్రతిపక్షంలో ఉంటే ఆ పార్టీ అంటుంది. మాట నిజమే. కానీ మా ఏలుబడిలో మేం పోసుకున్న ఉసురు ఇది అని ఏ నాయకుడూ అనగా వినలేదు. ఆమోసు ఆరు పరాయి దేశాల దగ్గర ఆగి ఉంటే బేతేలు గుళ్లో ఆయనకు మంచి సంభావన దొరికేది. అక్కడి పూజారి అమజ్యా ఆయన్ను రాజ్యం వదిలి పొమ్మన్నాడంటే చివరి పేరు చదివినందుకే. ఇది రాజుగారి గుడి, నీ కూడు నీ దేశంలో సంపాదించుకో అన్నది ఆ పూజారి మాటల సారం. తాను వృత్తి ప్రవక్తను కానని, పశువులూ మేడిచెట్లూ తన బతుకని ఆమోసు బదులు చెప్పాడు. ఆ తరువాత సుమారు మూడు దశాబ్దాలకు, క్రీస్తుకు పూర్వం 722 ప్రాంతంలో, ఉత్తర రాజధాని షోమ్రోను అష్షూరు చేతిలో పడింది.

అష్షూరు రాజధాని నీనెవె వంతు క్రీస్తుకు పూర్వం 612లో వచ్చింది. ఆ ఒక్క నగరం మీద బైబిల్లో రెండు చిన్న పుస్తకాలున్నాయి, నహూము, యోనా. నహూము నగరం పడడాన్ని కళ్లకు కట్టిస్తాడు. రథాల మోత, కొరడాల చప్పుడు, శవాల మీద తట్టుకుని పడే మనుషులు. వార్త విన్నవాళ్లందరూ చప్పట్లు కొడతారంటాడు. నీ క్రూరత్వం తగలనివాళ్లు ఎవరున్నారు అన్న అర్థం వచ్చే ప్రశ్నతో పుస్తకం ముగుస్తుంది. లోకమంతటి ఉసురు పోసుకున్న నగరం అది. యోనా పుస్తకం కూడా ప్రశ్నతోనే ముగుస్తుంది. నీనెవె మారి బతికిపోయిందని కోపంతో ఊరి బయట ఎండలో కూర్చున్న ప్రవక్తను దేవుడు అడుగుతాడు. కుడి ఎడమలు తెలియని లక్షా ఇరవై వేలకు పైగా మనుషులు, ఎన్నో పశువులు ఉన్న ఆ ఊరి మీద నాకు జాలి ఉండకూడదా అని. చివరి మాట పశువులది. తమిళ కావ్యం చిలప్పదికారంలో భర్తను అన్యాయంగా పోగొట్టుకున్న కన్నగి మదురైను కాల్చేటప్పుడు అగ్నికి ఇచ్చిన మినహాయింపుల్లో ముసలివాళ్లు, పిల్లలతో పాటు ఆవులు కూడా ఉన్నాయి. పుంగనూరు పొట్టి ఆవులను ఇంటి మనుషుల్లా సాకే చోట ఆ రెండు కథలూ ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు.

నహూము ప్రశ్నకు తెలుగులో ఉసురు అనే మాట సరిపోతుంది. యోనా ప్రశ్నకూ మన దగ్గర ఉన్నది ఆ మాటే, కాకపోతే కొంచెం సాగదీసి పలుకుతాం. ఇంకొకరి గతి చూసి చూసేవాడి ప్రాణం జారిపోతే ‘ప్రాణం ఉసూరుమంది’ అంటాం. అన్యాయం పడ్డవాడి ఊపిరి చేసినవాడి మీదికి పోతుంది. పడబోయేవాణ్ని చూసినప్పుడు మన ఊపిరే కిందికి జారుతుంది. మా వైపు చర్చిల్లో నహూమును చదివేవాళ్లు తక్కువ. యోనా కథ సండే స్కూల్లో చేప కడుపు దగ్గరే ఆగిపోతుంది. నాలుగో అధ్యాయాన్ని నహూము మూడో అధ్యాయం పక్కన పెట్టి ఒకే ఆదివారం పెద్దవాళ్లకు చదివించాలి. రెండు ప్రశ్నలకూ బదులు చెప్పమని అడగాలి, మొదటిదానికి చెప్పి రెండోదాన్ని వదిలేస్తే ఒప్పుకోకూడదు.